రెండుసార్లు మారిన పిస్తోలు

మ్యూజియం నుంచి ఫోను వచ్చినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు. ఆలస్యమైందని మాత్రమే అనిపించింది. అక్కడి ఆయుధాల విభాగానికి అధిపతిగా పనిచేసి విరమించినవాణ్ణి. నా తరువాత వచ్చినవారు ఒక్కసారైనా నన్ను సంప్రదించకపోవడం అవివేకమని నలుగురిలోనూ అంటూ ఉండేవాణ్ణి. కొత్తగా వచ్చిన క్యూరేటర్ చిన్న వయస్సు అమ్మాయి. గొంతులో వినయం ఉంది. ఒక దళారి ద్వారా పాతకాలపు చెకుముకి పిస్తోలు అమ్మకానికి వచ్చిందనీ, అది అసలుదని నేను అంటే తప్ప కొనే ప్రసక్తి లేదనీ చెప్పింది.

"చూశావా, ఇప్పటికి గుర్తొచ్చాను వాళ్లకి," అన్నాను నా భార్యతో.

"గుర్తురాక ఏంచేస్తారు! పొద్దున పేపరు తలకిందులుగా పట్టుకుని గంటసేపు ప్రభుత్వాన్ని తిట్టారు. అక్కడ పిస్తోలు ఏ కొసన పట్టుకుంటారో కాస్త చూసుకోండి," అన్నది ఆమె, నా కంట్లో మందుచుక్కలు వేస్తూ.

కుడికంట శుక్లం ముదిరింది. ఎడమకన్ను అదే దారిన నడుస్తున్నది. ఈ సంగతి మా ఇంటి గడప దాటలేదని నా నమ్మకం.

మ్యూజియానికి వెళ్లే రోజు మా తమ్ముడు కారు తీసుకుని వచ్చాడు. వద్దన్నా వినలేదు. పాత గడియారాలూ, తుపాకులూ విప్పి బిగించడం అతనికి చిన్ననాటి నుంచీ సరదా. ఆ చేతిపని నా పక్కన కూర్చునే నేర్చాడు. రెండేళ్ల క్రితం మేము ఈ అపార్ట్‌మెంటుకు మారినప్పుడు, ఇక్కడి గోడల చెమ్మకు భయపడి, మా తాతగారి పిస్తోలును అతని ఇంటికి పంపించాను. పెళ్లి చేసి పంపిన పిల్లను గురించి అడిగినట్టు దాన్ని గురించి అడుగుతూనే ఉండేవాణ్ణి. కారులోనూ అడిగాను.

"నూనె పెడుతున్నావా?"

"నిన్ననే పెట్టాను అన్నయ్యా. నువ్వు చెప్పిన పద్ధతే. చేతులకు తొడుగులు, మెత్తటి గుడ్డ, ఒకే ఒక్క చుక్క. మా ఆవిడ ముఖం తుడుచుకోవడానికి కూడా అంత మంచి గుడ్డ వాడదు."

"తోలు సంచిలో పెట్టలేదు కదా? తోలు చెమ్మ పీల్చి ఇనుమును తినేస్తుంది."

"పెట్టలేదు మహాప్రభో! నీకు ఆ పిస్తోలు మీదున్న ప్రేమలో పావు వంతు వదిన మీదుంటే ఆవిడ ఈపాటికి పదేళ్లు చిన్నదయ్యేది."

ఇద్దరం నవ్వుకున్నాము.

పరిశీలన గది నేను వదిలిన స్థితిలోనే ఉంది. పెద్ద కిటికీ, దాని కింద ఆకుపచ్చ బనాతు గుడ్డ పరచిన బల్ల, గోడకు వరుసగా స్క్రూడ్రైవర్లు. తమ్ముడు కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాడు. క్యూరేటర్ పిస్తోలును రెండు చేతులతో తెచ్చి నా ముందు పెట్టింది.

"మీ పేరు అమ్మేవాళ్లే సూచించారు సార్. మీరు సరేనంటే ఇంకెవరికీ చూపించనక్కర్లేదన్నారు."

"వారికి విషయజ్ఞానం ఉన్నదన్నమాట," అన్నాను.

మొదట సన్నని చువ్వను గొట్టంలోకి జారవిడిచి, అది అడుగు వరకూ వెళ్లినదని నిర్ధారించుకున్నాను. నూరేళ్లుగా గోడకు వేలాడినది కదా అని ఊరుకోరాదు. లోపల మందు మిగిలే ఉండవచ్చు. ఇది ఖాళీగా ఉంది. ఆ తరువాత పైనుంచి కింది దాకా చూశాను. అంటే, చూసినట్టు తల తిప్పాను. గొట్టం మీద కాలం పట్టించిన గోధుమరంగు పొర లీలగా కనిపించింది. మిగిలినదంతా నా వేళ్లే చూశాయి.

చెకుముకి పిస్తోలులో రాయి ఉక్కును కొడుతుంది. రవ్వలు చిన్న పళ్లెంలోని మందు మీద రాలతాయి. ఆ మంట పక్కనున్న సన్నని రంధ్రం గుండా గొట్టంలోకి పోతుంది. ఏళ్ల తరబడి పేలిన తుపాకీలో ఆ రంధ్రపు అంచు అరిగి, నోరు తెరుచుకుని ఉండాలి. దీని అంచు నా గోటికి పదునుగా తగిలింది. మంట ఎరుగని రంధ్రమది. పళ్లెం కూడా అంతే, పాతదనం పైపూత.

ఇలాంటివి లోగడ చూసినవాణ్ణే. మందు కూరిన చిన్న రాగి టోపీని సుత్తితో కొట్టి పేల్చే పద్ధతి వచ్చిన రోజుల్లో ఎందరో తమ చెకుముకి పిస్తోళ్లను ఆ విధంగా మార్పించుకున్నారు. అది కాలంతో పాటు జరిగిన మార్పు, అందులో మోసం లేదు. ఇప్పటి సేకర్తలకు చెకుముకి అంటేనే మోజు కనుక, కొందరు మళ్లీ వెనక్కి మార్చి, ఎన్నడూ మారనిదిగా చూపుతారు. అది మోసం.

రెండు మరలు విప్పి, పేల్చే యంత్రాన్ని పక్కన పెట్టి, కర్రపిడిలోని గూటిలోకి వేలు పెట్టాను.

వెనక మర దిగే చోట, చుట్టూ ఉన్న కర్రకన్న నున్నగా, చిన్న ముక్క తగిలింది. దాని మీద గోరు పట్టేంత గీత. ఆ పక్కనే ఇంకొక గీత.

ఆ ముక్క నా స్కూలు స్కేలులోది. చిన్నప్పుడు మా తాతగారి పిస్తోలులో ఈ మర వదులైపోయి ఊగుతున్నదని, నేనే విరిగిన స్కేలును చెక్కి, రంధ్రంలో అతికించి, మళ్లీ మర బిగించాను. కొలత గీతలు లోపలికి ఉండిపోయాయి. ఎవరు చూస్తారులే అనుకున్నాము, నేనూ తమ్ముడూ.

"అమ్మా, కాసిని మంచినీళ్లు తెప్పిస్తారా?" అన్నాను క్యూరేటర్‌తో. ఆమె స్వయంగా వెళ్లింది.

గదిలో మేమిద్దరమే మిగిలాము. నేను తల ఎత్తలేదు.

"నిన్న నూనె దేనికి పెట్టావురా?"

అతని కుర్చీ కిర్రుమన్నది.

"కనిపించిందా?" అన్నాడు చివరికి.

"కనిపించలేదు. తగిలింది."

"అన్నయ్యా, అరవకు. ఎవరికి నష్టం చెప్పు? అది పుట్టినప్పుడు చెకుముకిదే కదా. మధ్యలో ఎవడో కమ్మరి దాని మొహం చెడగొట్టాడు. నేను బాగుచేశాను. ఎంత నాజూగ్గా చేశానో నీకే తెలుస్తుంది."

"తెలిసింది. పని బాగుంది. తాతగారి కాలంలో ఉన్న భాగాలు ఏవి?"

"పాత ఇనపసామానులో పడేశాను."

అతడు ఎంత మామూలుగా అన్నాడంటే, ఆ మాట అర్థం కావడానికి నాకు కొంత సమయం పట్టింది. తాతగారు బొటనవేలితో వెనక్కి లాగిన సుత్తి అది.

"నీకు బాగుచేయాలని ఉంటే ఇంట్లో పెట్టుకో. దళారి చేతికి ఎందుకిచ్చావు? పోనీ, అమ్ముకో. నా చేతనే సాక్ష్యం చెప్పించాలని ఎందుకనుకున్నావు? ఊళ్లో చూపున్నవాళ్లు లేరా?"

అడిగిన తరువాత నా ప్రశ్నకు జవాబు నాకే తెలిసింది. అతడు కూడా దాచలేదు.

"వదిన చెప్పింది... కుడికన్ను అసలు కనబడటం లేదని."

మ్యూజియం వారు పిలిచారని నేను ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చాను. పిలిచింది నా తమ్ముడు. పిలిచింది నా అనుభవాన్ని కాదు, నా శుక్లాన్ని. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పాపం, ఈశ్వరుడికి ఆ స్కేలు సంగతి తెలియదు.

"ఇప్పుడైనా మించిపోయిందేం లేదు," అన్నాడు తమ్ముడు, కుర్చీ దగ్గరకు జరిపి, గొంతు తగ్గించి. "నిజమే చెప్పు. కళ్లు సరిగా కనబడటం లేదు, తేల్చలేనని చెప్పు. వాళ్లు ఇంకెవరినైనా పిలుచుకుంటారు. అబద్ధం ఆడినట్టూ కాదు, నన్ను వీధిలో పెట్టినట్టూ కాదు. ఒకే తల్లి కడుపున పుట్టినవాళ్లం అన్నయ్యా."

ఒప్పుకోవలసిన మాటే. అందులో ఒక్క అక్షరమైనా అబద్ధం లేదు. నా కళ్లు కనిపించడం లేదని ఒప్పుకుంటే అతని పరువు నిలుస్తుంది. నేను గుడ్డివాణ్ణని నమ్మి ఇక్కడికి తెచ్చినవాడు, ఆ మాట నా నోటనే అనమంటున్నాడు.

క్యూరేటర్ నీళ్లు తెచ్చింది. తాగి, గ్లాసు బల్లకు దూరంగా పెట్టాను.

"గొట్టమూ, కర్రపిడీ అసలువి," అన్నాను. "రంధ్రం, పళ్లెం, పేల్చే యంత్రంలో పైకి కనిపించేవన్నీ కొత్తవి. మధ్యకాలంలో టోపీ పద్ధతికి మారిన పిస్తోలును ఈమధ్యనే వెనక్కి మార్చారు. చెకుముకి నుంచి ఎన్నడూ మారలేదని చెబితే మాత్రం నమ్మకండి."

"ఇంత కచ్చితంగా ఎలా చెప్పగలుగుతున్నారు సార్?"

"గూటిలో వేలు పెట్టి చూడండి. ఆ స్కేలు ముక్క నేను పెట్టినదే. ఈ పిస్తోలు మా ఇంటిది."

ఆమె వేలు పెట్టి చూసి, గీతలు తడిమి, అయోమయంగా నా వైపు తిరిగింది.

"మీ ఇంటిదా! మరి దళారి దగ్గరికి ఎలా వచ్చింది?"

సమాధానం చెప్పడానికి తమ్ముడికి వ్యవధి ఇచ్చాను. అతడు కిటికీలోనుంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు.

"మా తమ్ముణ్ణి అడగండి," అన్నాను. "అక్కడ కూర్చున్నాడు."

అతడు లేచి బయటికి నడిచాడు. పిస్తోలును ఎవరికీ తిరిగి ఇవ్వకుండా తన దగ్గరే ఉంచుతానని, పైవారితో మాట్లాడతానని ఆ అమ్మాయి చెప్పింది. ఆమె గొంతులో వినయం పోయి జాలి వచ్చింది. అది నాకు నచ్చలేదు. సెలవు తీసుకున్నాను.

ముఖద్వారం దాటేసరికి ఎండ కళ్లలో కొట్టి, మెట్లన్నీ కలిసి ఒకే తెల్లటి పలకగా కనిపించాయి. ఎక్కడ అంచో, ఎక్కడ లోయో తెలియలేదు. పట్టుకోవడానికి కమ్మీ లేదు. నిలబడిపోయాను.

అతడు వెళ్లలేదు. పక్కకు వచ్చి, చెయ్యి చాచాడు. బహుశా అలవాటుగానే.

పట్టుకున్నాను. పడి కాలు విరగ్గొట్టుకోవడం ఎవరికీ గౌరవం కాదు. ఒక్కొక్క మెట్టుకూ అతడు ఆగుతూ, నా పాదం ఆనిన తరువాతనే కదులుతూ, ఎంతో జాగ్రత్తగా దించాడు. నేల తగలగానే చెయ్యి వదిలేశాను.

"కారు అటుంది అన్నయ్యా," అన్నాడు.

నేను గేటు వైపు తిరిగి, కాపలావాణ్ణి పిలిచి ఆటో ఆపమన్నాను.