‘ఇతరులు’ గెలిచిన రోజు

నేను ఒక తాడును. రంగు చూపించి మోసగించే నైలాను తాడును కాను, అసలు సిసలు కొబ్బరి పీచు తాడును. లావు మనిషి మణికట్టంత, పొడవు ముప్పై గజాలు. కోనసీమ కాలువ నీళ్లలో నెలల తరబడి నాని, ఆడవాళ్ల చేతుల్లో దెబ్బలు తిని పీచునయ్యాను. ఆ పీచును పురి పెట్టి, మూడు పురులు పెనవేస్తే తాడునయ్యాను. అన్ని దెబ్బలు తిన్నదానికి కాస్త గర్వం ఉంటే తప్పేమీ లేదు.

నా మొదటి కొలువు భీమిలి అవతల ఒక పల్లెలో, పెద్దవలకు. పడవ మీద వల తీసుకెళ్లి సముద్రంలో అర్ధచంద్రంలా పరిచి వచ్చేవారు. ఆ తర్వాత ఒడ్డున రెండు వరుసలుగా నిలబడి, దాని రెండు తాళ్లూ పట్టుకుని లాగేవారు. రెండు వరుసలూ ఒడ్డు వైపే లాగేవి. సాయంత్రానికి అందరి ఇళ్లలో పులుసు ఉడికేది. కొన్నేళ్లకు నైలాను వచ్చింది, నన్ను తీసి పాత పడవ కింద పడేశారు. ఒక ఆదివారం చేపల కోసం వచ్చిన గౌరీశ్వరరావు మాస్టారు నన్ను చూసి ముచ్చటపడి తన కళాశాలకు పట్టుకుపోయారు. ఆయన అక్కడ ఆటల మాస్టారు.

విశాఖ శివార్లలో ఉన్న ఆ అంతర్జాతీయ కళాశాలలో నన్ను తాడు లాగుడు పోటీకి వాడుకున్నారు. ఒకే తాడును ఎదురెదురుగా నిలబడి లాగడం, చివరికి అందరూ బోర్లా పడటం, దానికి చప్పట్లు కొట్టడం! పులుసు మాట దేవుడెరుగు, మోకాళ్లు కొట్టుకుపోయేవి. చదువుకున్నవాళ్ల పనులు చదువుకున్నవాళ్లకే తెలియాలి అనుకుని ఊరుకున్నాను.

ఆ కళాశాలలో ఇరవై మూడు దేశాల పిల్లలు చదువుతారని గేటు మీదే రాసి ఉంటుంది. ఆటల రోజున వాళ్లందరూ తమ తమ బట్టలు కట్టుకుని, జెండాలు పట్టుకుని మైదానం చుట్టూ నడుస్తారు. ఫొటోలు తీస్తారు. ఆ తర్వాత వాళ్లు షామియానా కింద కూర్చుని, ఆడేవాళ్లను చూస్తూ నిమ్మరసం తాగుతారు. ఎందుకంటే జట్టు దరఖాస్తులో ‘రాష్ట్రం లేదా దేశం’ అని ఒక గడి ఉంది. ఆంధ్రా నుంచి ఎనిమిది మంది దొరుకుతారు, కేరళ నుంచి దొరుకుతారు. ఆఫ్రికాలోని మలావి నుంచి వచ్చింది ఒక్క తియామికేనే. ఒక్క మనిషితో జట్టు ఎలా అవుతుంది?

తియామికే నర్సింగు రెండో ఏడాది. పొడుగాటి పిల్ల, మాట తక్కువ. మొదటి ఏడాది జెండా పట్టుకుని నడిచింది. రెండో ఏడు జెండా ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకుంది.

“ఈసారి నేను ఆడతాను సార్. లేకపోతే నడవను కూడా నడవను. ఇంతదూరం వచ్చింది ఫొటోలో నిలబడటానికి కాదు,” అంది ఇంగ్లీషులో. తెలుగు అర్థమవుతుంది గానీ అప్పటికింకా నోరు తిరగదు.

మాస్టారు మంచివారే, కానీ కాగితానికి భయపడే మనిషి. “నాకు మాత్రం ఆడించాలని లేదేటమ్మా? గడిలో ఏటి రాయమంటావు?” అన్నారు.

తియామికే దరఖాస్తు తీసుకుని, నేపాల్, భూటాన్, శ్రీలంక, సూడాన్ అమ్మాయిల గదులన్నీ తిరిగి తనతో కలిపి ఎనిమిది పేర్లు పోగుచేసింది. గడిలో ‘ఇతరులు’ అని రాసింది. ఆఫీసు లెక్కల్లో వాళ్లకున్న పేరు అదేనట. మాస్టారు తల గోక్కుని, “సరే, ఈ ఒక్క ఏడాదికి చూద్దాం. మొదటి ఆటలోనే చతికిలబడితే మళ్లీ నన్నడగొద్దు,” అని సంతకం పెట్టారు.

ఇక సాధనలో చూడాలి నా తిప్పలు! ఒకమ్మాయి నేపాలీలో లెక్కపెడుతుంది, ఒకమ్మాయి అరబ్బీలో. ఒకరు లాగేటప్పుడు ఇంకొకరు ఊపిరి పీలుస్తారు. ఎవరికి వారే యమునా తీరే. తియామికే ఒక్కతే పళ్లు బిగించి లాగి, అరచేతులు బొబ్బలెక్కించుకుంది. మూడో రోజు నా అటు చివర కట్టిన ట్రాక్టరు టైరు కూడా కదలకపోయేసరికి నా మీదే కూర్చుని ఏడ్చింది. అయ్యో తల్లీ అనుకున్నాను గానీ తాడు నోరు విప్పితే ఎవరు వింటారు?

అప్పుడే మెట్ల మీద ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ పిల్ల మైలపల్లి నూకరత్నం. బరువు చాలదని ఆంధ్రా జట్టులోంచి తీసేస్తే అక్కడ కూర్చుని చూస్తోంది.

“సేతుల్తో లాగుతారేటే? నడుంతో లాగాల. మా అయ్యోళ్లు వల లాగినట్టు,” అంటూ దిగి వచ్చింది. అనేసి నాలుక కరుచుకుంది. వాళ్ల నాన్నది ఏదో వ్యాపారమని హాస్టల్లో చెప్పుకుందట మరి.

నన్ను పట్టుకుని వెనక్కి వాలి, మడమలు నేలలో దిగేసి, ‘హైలెస్సా’ అంది. హై అన్నప్పుడు ఊపిరి పీల్చి, చివర్లో అడుగు వెనక్కి. నా పీచు పీచుకీ పాత సముద్రం గుర్తొచ్చింది. తియామికే కళ్లు తుడుచుకుని లేచింది.

“మా సరస్సు ఒడ్డున మా నాన్న కూడా ఇలాగే లాగుతాడు. ఇక్కడెవరికీ చెప్పలేదు,” అంది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని పడీ పడీ నవ్వారు. మనుషులు దాచుకునేవన్నీ ఇలాంటివే కాబోలు. ఆ సాయంత్రం నుంచి ఎనిమిది నోళ్లలోనూ ఒకటే మాట, హైలెస్సా. టైరు కదిలింది.

ఆటల రోజున ‘ఇతరులు’ అని మైకులో పిలవగానే షామియానా అంతా నవ్వింది. తమిళనాడు జట్టును ఓడించాక నవ్వు తగ్గింది. కేరళ జట్టుకు మూడు చెరువుల నీళ్లు తాగించాక అస్సలు లేదు. కానీ ఆ ఆటలోనే సూడాన్ అమ్మాయి కాలు మడతపడింది. ఇక ఆఖరి పోటీ. ఎదురుగా ఐదేళ్లుగా ఓటమెరుగని ఆంధ్రా జట్టు, ఇటు మిగిలింది ఏడుగురు.

“ఏడుగురైతే కుదరదమ్మా,” అన్నారు మాస్టారు.

“నూకరత్నం వస్తుంది,” అంది తియామికే.

“ఆ పిల్ల ఆంధ్రా కదమ్మా!”

ఆంధ్రా జట్టు నాయకురాలు ఈశ్వరి గట్టిగా నవ్వింది. “బరువు లేదని మేమే వద్దన్నాం సార్. అటేపు లాగితే మాకేటి భయం? తీసుకోనీండి.” కోరి కొరివితో తల గోక్కోవడం అంటే ఏమిటో ఆ రోజు కళ్లారా చూశాను.

మూడింట్లో రెండు ఆటలు గెలవాలి. మొదటి ఆట ఆంధ్రా గెలిచింది. రెండోది వీళ్లు గెలిచారు, ఎలా గెలిచారో వాళ్లకే తెలియలేదు. మూడో ఆటలో తియామికే ముందు, నూకరత్నం అందరికంటే వెనుక. ఈల మోగగానే ఈశ్వరి మంద ఒక్క ఉదుటున లాగింది. నా నడుముకు కట్టిన ఎర్రగుడ్డ వాళ్ల గీత వైపు జరిగిపోతోంది.

“లాగొద్దొలే! ఆగండి!” వెనుక నుంచి అరిచింది నూకరత్నం. “అల ఎదురొచ్చినప్పుడు లాగితే వల సిరుగుద్ది. అల పోనీండి!”

ఎనిమిది మంది వెనక్కి వాలి అలాగే నిలబడిపోయారు. అటువాళ్లు లాగారు, ఇంకా లాగారు. నిమిషం గడిచింది. నా మూడు పురులూ కిర్రుమన్నాయి. తియామికే బొబ్బలు చితికిన తడి నాకు తెలిసింది, అయినా పట్టు సడలలేదు. అప్పుడు అవతలి చేతుల్లో చిన్న మెత్తదనం వచ్చింది. ఊపిరి కోసం వదిలిన వెంట్రుకవాసి సందు అది. నాకెంత తెలిసిందో తియామికేకూ నూకరత్నానికీ అంతే తెలిసింది.

“హైలెస్సా!”

ఒక అడుగు. ఇంకొకటి. షామియానా కింద నిమ్మరసం గ్లాసులు వదిలేసి అందరూ లేచి అదే మాట అందుకున్నారు. చివరికి ఈశ్వరి జట్టు మొత్తం గీత దాటి బోర్లా పడింది. మాస్టారు ఈల ఊదడం మరిచిపోయి చేతులెత్తి గెంతారు. తియామికే నేల మీద వెల్లకిలా పడి, ఆకాశం చూస్తూ గుక్కపట్టి నవ్వింది. ఏడ్చిందేమో కూడా, అంత దుమ్ములో ఎవరికి తెలుస్తుంది? నాకు మాత్రం అంత సంతోషం పెద్దవల నిండిన రోజున కూడా కలగలేదు.

ఇది రెండేళ్ల కిందటి మాట. దరఖాస్తులో ఇప్పుడా గడి లేదు, జట్లన్నీ కలగాపులగమే. నేనూ అక్కడక్కడా పీచు లేచి ముసలిదాన్నయ్యాను. మొన్న సాధనకు నన్ను మైదానంలో పరిచినప్పుడు, ఈ ఏడే మంగోలియా నుంచి వచ్చిన ఒక పిల్ల గోడ పక్కన ఒంటరిగా కూర్చుని మమ్మల్ని చూస్తోంది. తియామికే నడుం మీద చేతులు పెట్టుకుని, అచ్చం భీమిలి యాసలో కేకేసింది.

“ఒలే! అక్కడ కూకున్నావేటి? రాయే, ఎనిమిదో మనిషివి నువ్వే!”

ఆ పిల్లకు తెలుగు ఒక్క ముక్క రాదు. అయినా లేచి, చేతులు దులుపుకుని వచ్చి నన్ను పట్టుకుంది.