నెట్ ఇవతలి ఒడ్డుకి వచ్చిన రోజు

ఆ ఊళ్ళో కాలవకి అటొక కాలేజీ, ఇటొక కాలేజీ. రెండూ ఆడపిల్లల జూనియర్ కాలేజీలే. ఏటా డిసెంబరులో ఆ రెంటికీ ఒక వాలీబాల్ మ్యాచ్ జరుగుతుంది. దానికి కప్పూ లేదు, సర్టిఫికెట్టూ లేదు. గెలిచినవాళ్ళు నెట్ విప్పుకుని తమ గ్రౌండుకి పట్టుకుపోతారు, అంతే. అంచులకి దళసరి తెల్ల గుడ్డ కుట్టిన అసలైన నెట్ అది. ఓడినవాళ్ళు మళ్ళీ డిసెంబరు దాకా ఏదో ఒకటి కట్టుకుని ఆడుకోవాలి. ఇవతలి కాలేజీ ఆరేళ్ళుగా ఓడుతోంది. రొయ్యల చెరువుల మీద కొంగలు వాలకుండా కడతారే, ఆ వల రెండు గుంజలకి కట్టుకుని ఆడుతోంది. బంతి తగిలితే ఆ వల సాగి, దాన్ని కాసేపు ఒళ్ళో పెట్టుకుని, తనకి తోచిన వైపు వదిలిపెట్టేది.

ఇప్పుడున్న వల తెచ్చి ఇచ్చింది శ్రీసత్య వాళ్ళ నాన్న. ఆయన చెరువుల మీద మేత వేసే పని చేస్తాడు. నిరుడు సైకిలు వెనక చుట్టగా కట్టుకుని వచ్చి, గుంజలకి తనే బిగించి వెళ్ళాడు. ఆ సంగతి టీములో ఎవరికీ గుర్తు లేదు. శ్రీసత్య గుర్తు చెయ్యలేదు.

ఆ అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. టీములో రెండో సెట్టరు. అవతలినుంచి వచ్చిన బంతిని ఒకరు ఆపుతారు, చివరికి ఒకరు కొడతారు. ఆ ఇద్దరి మధ్యా నిలబడి, బంతిని ఎవరికి లేపాలో, ఎంతెత్తున లేపాలో రెప్పపాటులో తేల్చుకోవాల్సింది సెట్టరు. చప్పట్లు మాత్రం కొట్టినవాళ్ళకే పడతాయి. ఇక రెండో సెట్టరంటే బెంచీ మీద కూర్చుని ఆట రాసుకునే మనిషి.

మొదటి సెట్టరు పావని. గట్టి గొంతు, గట్టి నవ్వు. బంతి చేతిలోకి వచ్చేలోపే "నీలా" అనో "ప్రణూ" అనో కేక పెట్టేది. నీలవేణి ఎడమ పక్కనుంచి, ప్రణతి కుడి పక్కనుంచి పరుగెత్తుకొచ్చి ఎగిరి కొట్టేవారు. పావని కేక లేకుండా ఆ టీములో ఎవరికీ కాళ్ళు కదిలేవి కావు.

పావనిది శ్రీసత్య ఊరికి రెండు స్టాపుల అవతల ఊరు. పొద్దున్న ఏడుంబావు బస్సులో ముందే ఎక్కి, పక్క సీట్లో సంచీ పెట్టి ఉంచేది. శ్రీసత్య ఊరు రాగానే కిటికీలోంచి తల బయటపెట్టి, "సత్యా, ఎక్కు" అని కేక. మాటలన్నీ పావనివే. శ్రీసత్య వినేది. రోజు మొత్తం మీద ఆ అమ్మాయిని ఇంటి బయట పేరు పెట్టి పిలిచే గొంతు అదొక్కటే.

శ్రీసత్య మాట్లాడనివన్నీ ఒక పొడుగు నోట్‌బుక్కులో రాసుకునేది. ఆట కూడా అందులోనే. ఏ బంతి ఎవరు ఆపారు, ఎవరు లేపారు, ఎక్కడ పడింది, అన్నీ. ఆటకొక పుస్తకం, మనసుకొక పుస్తకం అని విడివిడిగా పెట్టుకోవాలన్న ఆలోచన ఆమెకెప్పుడూ రాలేదు.

అక్టోబరులో భీమవరంలో జరిగిన పోటీల్లో కాలవ అవతలి కాలేజీ చేతిలో మళ్ళీ ఓడిపోయారు. ఆ రోజు బెంచీ మీద రాసుకున్నదంతా తర్వాత లెక్కేసి చూసుకుంది శ్రీసత్య. చూసుకుని, ఒక పేజీ అడుగున ఇలా రాసింది: 'పావని నలభై ఒక్కసారి పేరు పెట్టి పిలిచి బంతి లేపింది. ఇరవై ఏడుసార్లు, పిలవగానే అవతలి పొడుగమ్మాయి ఆ వైపుకి జరిగింది. పావని పిలవకుండా ఉంటే బాగుండును.' పేజీ అయిపోయింది. తిప్పి, వెనక వైపు ఇంకో నాలుగు లైన్లు రాసింది.

మ్యాచ్ ఇంకా పదిరోజులుందనగా వాళ్ళకి ఆటలు నేర్పే పీడీ మురళీకృష్ణ సార్ ఆ నోట్‌బుక్కు అడిగారు. అవతలివాళ్ళు ఎలా ఆడతారో చూడాలన్నారు. భీమవరం లెక్క ఉన్న కాగితం చింపేద్దామా అనుకుంది శ్రీసత్య. కానీ మధ్యలో పిన్నులు కొట్టిన పుస్తకం అది. ఒక కాగితం చింపితే అటువైపు దాని జత కాగితం కూడా ఊడి వస్తుంది. దాంట్లో తను రాసుకున్న మొదటి మ్యాచ్ ఉంది. పైగా సార్ అవతలివాళ్ళ గురించి రాసిన పేజీలే చూస్తారనుకుంది. ఇచ్చేసింది.

గురువారం ఆట అయ్యాక సార్ అందర్నీ సైన్సు ల్యాబ్ వరండాలో కూర్చోబెట్టారు. ఈసారి సెట్టర్ ఎవరని అడిగారు. అదేం ప్రశ్న అన్నట్టు అందరూ పావని వైపు చూశారు. అప్పుడు ఆయన నోట్‌బుక్కు తెరిచి, భీమవరం లెక్క పైకి చదివారు. నలభై ఒకటీ, ఇరవై ఏడూ. చివరి వాక్యం కూడా చదివారు. ఆయనకి అందులో ఆటే కనిపించింది. పేజీ తిప్పకుండా పుస్తకం మూసేశారు.

"మనం అరిచి చెప్తున్నాం, వాళ్ళు విని వచ్చి నిలబడుతున్నారు. ఆరేళ్ళనుంచీ ఇదే. ఈసారి కోర్టులో ఎవరూ నోరెత్తద్దు. సర్వీసు ముందు సెట్టర్ చెయ్యి వీపు వెనక పెట్టుకుంటుంది. ఒక వేలు చూపిస్తే ఎడమ, రెండైతే కుడి. అంతే. పావనీ, నువ్వు అరవకుండా ఆడగలవా అమ్మా?"

పావని, ఆడలేనండి, అలవాటైపోయిందండి అంది. అబద్ధం చెప్పే మనిషి కాదు.

సార్ శ్రీసత్య వైపు తిరిగి, నువ్వు ఆడతావా అని అడిగారు.

ఒక్కమాట చాలు, వద్దనడానికి. ఆ మాట కోసం వరండా అంతా చూస్తోంది. కానీ శ్రీసత్య మూడు నెలలనుంచీ ఇంటి వెనక గోడ మీద సున్నంతో గీత గీసుకుని, రోజూ సాయంత్రం దానికి బంతి లేపుతోంది. ఎందుకని అమ్మ అడిగితే ఊరికే అని చెప్పింది. ఊరికే కాదని తనకి తెలుసు. భీమవరం లెక్క వేసినప్పుడు కూడా ఆ కోరిక తన పక్కనే కూర్చుని ఉందని తెలుసు.

ఆడతానండి అంది.

"వినపడలేదు సార్" అంది నీలవేణి. అందరూ నవ్వారు.

"వినపడక్కర్లేదు. మన ప్లానే అది" అన్నారు సార్.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆ సాయంత్రం బస్టాండులో పావని దగ్గరికి వచ్చింది. గొంతు పెంచలేదు. పావని అంత మెల్లగా మాట్లాడటం శ్రీసత్య అదే మొదటిసారి వినడం.

"అక్టోబరునుంచీ తెలుసు కదే నీకు. రోజూ పక్కనే కూర్చుంటావు. ఒక్కసారి నాతో అనొచ్చుగా, అరవకే అని. నేను మానేద్దును. నేర్చుకుందును."

చెబితే పక్క సీటు పోతుందేమోనని భయపడ్డాను అనాలి. ఆ మాట నోటిదాకా వచ్చింది, బయటికి రాలేదు. పావని బస్సెక్కి ముందు సీట్లో కూర్చుంది.

మర్నాడు ఏడుంబావు బస్సు వచ్చినప్పుడు కిటికీలోంచి ఎవరూ పిలవలేదు. పావని పక్క సీట్లో కూరగాయల గంపతో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. శ్రీసత్య నిలబడి వెళ్ళింది. ఆ పైరోజూ అంతే.

గ్రౌండులో సార్ చెప్పినట్టే సాగింది. మొదట్లో ఒకళ్ళనొకళ్ళు గుద్దుకున్నారు. నీలవేణి, మూగవాళ్ళతో ఆడుతున్నట్టుంది బాబూ అని విసుక్కుంది. నాలుగోరోజుకి వేళ్ళు చూడటం అలవాటైంది. ఏడోరోజుకి, శ్రీసత్య బంతి ఎక్కడ లేపినా అక్కడ ఒక చెయ్యి ఉండేది. కోర్టులో బూట్ల చప్పుడు, బంతి చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆట ఆగగానే అందరూ గలగల మొదలుపెట్టేవారు. మంచినీళ్ళ పంపు దగ్గర ఒకరి మీద ఒకరు నీళ్ళు చల్లుకునేవారు. శ్రీసత్య తన వంతు వచ్చేదాకా ఆగి, తాగి వచ్చేసేది. మాట్లాడద్దని సార్ పెట్టిన నియమం కోర్టు వరకే. బయట శ్రీసత్యతో మాట్లాడకపోవడానికి ఎవరి నియమమూ అక్కర్లేకపోయింది.

మ్యాచ్ ఎప్పుడూ నెట్ ఉన్న ఒడ్డునే. శనివారం మధ్యాహ్నం టీమంతా వంతెన మీదుగా నడిచి వెళ్ళారు. కింద గుర్రపుడెక్క కాలవ నిండా పరుచుకుని ఉంది. ముందు వెళ్ళేవాళ్ళు ఇద్దరిద్దరుగా, ముగ్గురు ముగ్గురుగా నడుస్తున్నారు. శ్రీసత్య వెనక బంతుల సంచీ పట్టుకుని నడిచింది.

ఆట రాయాల్సింది ఎప్పుడూ రెండో సెట్టరే. సార్ ఆ పొడుగు నోట్‌బుక్కు పావని చేతికిచ్చారు. ఇవ్వద్దని శ్రీసత్య ఏ నోటితో అంటుంది? పావని దాన్ని తీసుకుని, బెంచీ చివర కూర్చుని పేజీలు తిప్పింది. అంతలో విజిల్ వేశారు.

మొదటి సెట్టు పోయింది. రెండుసార్లు బంతి శ్రీసత్య రెండు చేతులకీ వేరువేరుగా తగిలి ఫౌల్ అయింది. గట్టు మీద కూర్చున్న అవతలి కాలేజీ పిల్లలు, మీ సెట్టర్‌కి నోరు లేదా, చేతులు కూడా లేవా అని ఏడిపించారు. రెండో సెట్టులో అవతలి పొడుగమ్మాయి తడబడటం మొదలైంది. ఆమె వినడానికి అలవాటు పడ్డ మనిషి. ఇక్కడ వినడానికేమీ లేదు. శ్రీసత్య వీపు మీద ఒక వేలు, బంతి ఎడమకి. రెండు వేళ్ళు, కుడికి. పొడుగమ్మాయి మధ్యలో నిలబడి అటూ ఇటూ చూసేలోపు బంతి నేల మీద ఉండేది. రెండో సెట్టు గెలిచారు.

మూడోది పదిహేను పాయింట్లది. పన్నెండు-పదమూడు మీద వెనకబడి ఉండగా బంతి ఎక్కడో గీత బయటికి పోబోయింది. శ్రీసత్య వెనక్కి పరుగెత్తి, పడుతూ పడుతూ చూడకుండానే దాన్ని పైకి లేపింది. మోకాలు నేలకి గీసుకుపోయింది. ఆమె లేచేసరికి నీలవేణి దాన్ని కొట్టేసింది, పాయింటు వచ్చేసింది. తర్వాత రెండూ కూడా వచ్చాయి.

అప్పుడు అరిచారు అందరూ, పదిరోజుల అరుపులు ఒక్కసారే. నీలవేణిని ఎత్తుకున్నారు. ప్రణతి ఏడ్చింది. సార్ శ్రీసత్య తల మీద చెయ్యి వేసి, బాగా ఆడావమ్మా అని, నెట్ విప్పించడానికి వెళ్ళిపోయారు. ఆరేళ్ళ తర్వాత ఆ నెట్‌ని పొడుగ్గా భుజాల మీద వేసుకుని, పాటలు పాడుకుంటూ వంతెన దాటారు. భుజాలు సరిపోయాయి, ఇంకొకరికి చోటు లేదు. శ్రీసత్య మళ్ళీ బంతుల సంచీ పట్టుకుంది. సంచీ పైన ఎవరో నోట్‌బుక్కు పెట్టి వెళ్ళారు.

గ్రౌండులో కొత్త నెట్ కట్టడానికి చెరువు వల విప్పి పక్కన పడేశారు. శ్రీసత్య దాన్ని మడిచి, చుట్టగా చుట్టి తన సంచీలో పెట్టుకుంది. నాన్నకి పనికొస్తుంది.

అయిదున్నర బస్సులో పావని ముందు వరసలో ప్రణతితో కూర్చుంది. శ్రీసత్యకి వెనకాల కిటికీ పక్క దొరికింది. నోట్‌బుక్కు తెరిచింది. పావని కొత్త పేజీలో మొదలుపెట్టలేదు. భీమవరం లెక్క వెనక వైపు, శ్రీసత్య రాసుకున్న నాలుగు లైన్ల కిందనే, ఒక్క గీత వదిలి మొదలుపెట్టింది. ఆ నాలుగు లైన్లు చదవకుండా అక్కడ రాయడం కుదరదు. 'కానీ పావని పిలవకపోతే నాకు వినపడే గొంతు ఇంకోటి లేదు. పొద్దున్నే బస్సులోంచి నా పేరు వినపడితేనే నేను ఉన్నానని నాకు తెలుస్తుంది. ఈ లెక్క ఎవరికీ చెప్పను. చెబితే ఆ పిలుపూ, పక్క సీటూ రెండూ పోతాయి.'

దాని కింద ఆట. ప్రతి బంతీ ఉంది. పావనికి ఇంత ఓపిక ఉందని శ్రీసత్యకి తెలీదు. నీలవేణి కొట్టింది. ప్రణతి ఆపింది. సెట్టర్ లేపింది. సెట్టర్ ఫౌల్. సెట్టర్ లేపింది, నీలవేణి కొట్టింది. అందరికీ పేర్లున్నాయి. తను మాత్రం మూడు సెట్లూ సెట్టరే. వేలు పెట్టి ఒక్కొక్క లైనూ చూసుకుంటూ పోయింది. మూడో సెట్టులో, పన్నెండు-పదమూడు దగ్గర వేలు ఆగింది.

'సత్య పడింది. లేచింది.'

తర్వాత లైనునుంచి మళ్ళీ సెట్టర్.

ఊరు వచ్చింది. శ్రీసత్య వెనక తలుపునుంచి దిగి, బస్సు పక్కనే కుంటుకుంటూ ముందుకి నడిచింది. పావని కూర్చున్న కిటికీ కిందికి వచ్చి నిలబడింది. పావని నెట్ గురించి ఏదో చెబుతోంది, ప్రణతి నవ్వుతోంది. శ్రీసత్య తన జన్మలో పిలిచినంత గట్టిగా పిలిచింది.

"పావనీ."

అదే క్షణాన డ్రైవరు గర్రుమని గేరు వేశాడు. కండక్టరు మాత్రం తలుపులోంచి వెనక్కి తిరిగి చూసి, ఏంటమ్మా, ఏమైనా మర్చిపోయావా అన్నాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. బస్సు వెళ్ళిపోయింది.

ఇంకా వెలుతురుంది. స్టాపులో సిమెంటు బల్ల మీద కూర్చుని, వల చుట్ట పక్కన పెట్టుకుని, నోట్‌బుక్కు తీసింది. పావని రాసిన చివరి లైను కింద రాసింది:

'పిలిచాను. ఈసారికి వినపడలేదు.'