వెళ్లని ఉత్తరం

నరసాపురంలో తెల్లదొరల బియ్యం కంపెనీ ఒకటుండేది. ఊళ్లోవాళ్లు రంగం అనే రంగూన్‌లోనూ, మద్రాసులోనూ కూడా దానికి ఆఫీసులున్నాయి. నరసాపురంలో ఉత్తరాలు రాసే రైటరు పేరు యెహెజ్కేలు. మిషన్ బడిలో చదువుకున్నవాడు.

ఆ ఏడు వరదలు తీశాక, చేపల వేటకెళ్లే బుల్లబ్బాయి ఆఫీసుకొచ్చాడు. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుకమేట జరిగిందనీ, పాత దారిలో నడుంలోతు నీళ్లు కూడా లేవనీ, ఓడలు అంతర్వేది ఒడ్డు పట్టుకుని రావాలనీ చెప్పాడు.

"రంగం ఆఫీసుకి రాయండి బాబూ. ఈసారి ఓడలో మా తమ్ముడు లోవరాజు వత్తన్నాడు."

యెహెజ్కేలు ఆ రోజే రాశాడు. పంపలేదు. పోయినేడు ఇలాంటి కబురే పంపిస్తే, రంగూన్ రైటరు అది తనే కనిపెట్టినట్టు చెప్పుకుని మెప్పు కొట్టేశాడు. ఈసారి ఓడ మొగ బయట ఆగినప్పుడు పడవ మీద వెళ్లి కప్తానుకి తనే చెబుదామనుకున్నాడు. ఉత్తరం సొరుగులో పెట్టాడు.

ఓడ ఆగలేదు. గాలి అనుకూలంగా ఉందని, పాత పటం చూసుకుంటూ తిన్నగా వచ్చి ఇసుకలో దిగబడింది. మధ్యాహ్నానికల్లా కెరటాలు దాన్ని విరిచేశాయి. పదకొండుమంది పోయారు. లోవరాజు శవం కూడా దొరకలేదు.

దినాలయ్యాక బుల్లబ్బాయి వచ్చి రైటరు చేతులు పట్టుకున్నాడు. "మీరు రాశారు. ఆళ్లే ఇనలేదు. మీ తప్పేం లేదండి" అన్నాడు.

మర్నాటి నుంచీ పట్టపగలే ఆఫీసు గడప అవతల ఒక మనిషి నిలబడేవాడు. అచ్చం బుల్లబ్బాయి మొహమే, వయసు తక్కువ. జుట్టులోంచి నీళ్లు కారుతుండేవి. ఏమీ అడిగేవాడు కాదు, టపా సంచీకేసి చూస్తుండేవాడు. బంట్రోతు అతని పక్కనుంచే తిరుగుతూ ఏమీ ఎరగనట్టుండేవాడు. యెహెజ్కేలు లేచి వెళ్తే గడప పొడిగా ఉండేది.

నెల తిరక్కుండానే యెహెజ్కేలు ఆ ఉత్తరం పట్టుకుని బుల్లబ్బాయి ఇంటికి వెళ్లాడు. వల బాగుచేసుకుంటున్న అతనికి చదివి వినిపించాడు.

"ఇది రంగూన్ వెళ్లలేదు బుల్లబ్బాయీ. నా సొరుగులోనే ఉండిపోయింది."

బుల్లబ్బాయి కాగితం తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"వచ్చే ఏడూ వరదలొత్తాయండి. ఇసక జరుగుద్ది. వచ్చి చెప్తాను. నా కళ్లముందే సంచీలో వెయ్యండి."

యెహెజ్కేలు దొరతో కూడా చెప్పాడు. దొర నానా మాటలూ అన్నాడు గాని, ఆ మొగ సంగతులు రాసిపెట్టే మనిషి ఇంకొకడు లేక పనిలో ఉంచాడు. ఆపైన ఏటేటా బుల్లబ్బాయి చెప్పిన లోతులు బుల్లబ్బాయి పేరుతోనే రెండు ఆఫీసులకూ వెళ్లేవి. బుల్లబ్బాయి ఉత్తరం చూడందే రంగూన్‌లో కప్తానులు నరసాపురానికి తెరచాప ఎత్తడం మానేశారు. మళ్లీ ఏ ఓడా మొగలో దిగబడలేదు.

గడప దగ్గరి మనిషి మాత్రం వెళ్లలేదు. బుల్లబ్బాయి తల నెరిసింది, ఆ మనిషి అలాగే ఉన్నాడు. వరదలు తీయగానే బుల్లబ్బాయి ఆ తమ్ముణ్ణి ఒరుసుకుంటూ లోపలికొచ్చి, లోతులు చెప్పి, ఉత్తరం సంచీలో పడేదాకా నిలబడి వెళ్లేవాడు. ఆ సంగతి యెహెజ్కేలు అతనికి ఎప్పుడూ చెప్పలేకపోయాడు.