కాలికి పెట్టిన పరీక్ష

గోదావరిఖనిలోని ఒక కమ్యూనిటీ హాల్లో మూడు రోజులుగా కొత్త రకం కృత్రిమ కాలిని పరీక్షిస్తున్నారు. గనుల్లో కాళ్లు పోగొట్టుకున్న ఐదుగురు దాన్ని తొడుక్కుని నడుస్తున్నారు, మెట్లెక్కుతున్నారు, గొంతుక్కూర్చుంటున్నారు. హైదరాబాదు నుంచి వచ్చిన ఇంజినీరు శాలిని "ఎలా ఉంది కాకా?" అని అడగడం, ఐదుగురూ "మంచిగున్నది మేడం" అనడం. ఆ ఒక్క మాటే రాసి రాసి ఆ పిల్లకు విసుగొచ్చింది.

అందరికంటే గట్టిగా అన్నవాడు జ్ఞానయ్య. నిజానికి కింద కూర్చుంటే చాలు, కాలు దూర్చే గిన్నె అంచు మోకాలి వెనక దిగబడి ప్రాణం పోతోంది. చెబుతాడా, పిచ్చా? కాగితం పట్టుకున్నవాళ్ల ముందు నొప్పి అంటే అన్‌ఫిట్ రాసేస్తారని గని మనిషికి ఎవరూ నేర్పక్కర్లేదు. పైవారం అతనికి గని పైన దీపాలిచ్చే ల్యాంపురూములో డ్యూటీ ఇస్తామన్నారు. ఇంట్లో కూర్చుని గోడలు చూడ్డం అతనివల్ల కాదు.

"ఇవాళ్టితో అయిపోయింది. ఇక ఇవే నాలుగు వందల మందికి చేయిస్తాం" అంది శాలిని నీరసంగా.

పక్కనే కూర్చున్న పోశం, నిరుడు కాలు పోయినవాడు, తన కాలు విప్పాడు. లోపలి గుడ్డ నెత్తురుతో తడిసి ఉంది. దాన్ని గబగబా మడిచి జేబులో కుక్కి, "ఫస్టుగున్నది మేడం" అన్నాడు.

జ్ఞానయ్య ఆ జేబుకేసే చూశాడు. గనిలో అతనిది పైకప్పును కర్రతో కొట్టి చూసే పని. డొల్ల మోత వినిపిస్తే కప్పు కూలుతుందని, ఎంత పెద్ద ఆఫీసరు తొందరపెట్టినా ఒక్కణ్నీ లోపలికి పోనిచ్చేవాడు కాదు. అలాంటివాడు ఇప్పుడు ఏం చేస్తున్నట్టు? సిగ్గేసింది.

"బిడ్డా, ఇగ రాసుకో. గీ కాలు మంచిగ లేదు. కూసుంటే అంచు ఎనుక కోస్తది. మూడొద్దుల సంది నీకు అబద్ధం చెప్పిన. నన్ను అన్‌ఫిట్ అని రాస్తవా, రాసుకో. గా పోశం కాలు జూడు, నెత్తురు కారుతున్నది."

శాలిని కలం ఆగిపోయింది. "మీకు కాదు కాకా పరీక్ష. మీ పేర్లు కూడా నేను రాసుకోలేదు. పరీక్ష కాలికి. పాసో ఫెయిలో మీరే చెప్పాలి."

"ఫెయిలు" అన్నాడు జ్ఞానయ్య. ఎంత హాయిగా ఉందో ఆ మాట అనడం.

మిగతా నలుగురూ ఒకరి తర్వాత ఒకరు తమ కాళ్లు విప్పి ఆమె బల్లమీద పెట్టారు. ఆర్డరు ఆపమని శాలిని అక్కడినుంచే ఫోను చేసింది. తన కాలూ విప్పేసి, కర్ర ఆనుకుని పక్కనే నిలబడ్డ జ్ఞానయ్య, "అంచు సంగతి ముందుగాల చెప్పు" అన్నాడు.