ఏడు స్టేషన్ల గార్డు

శాంతమ్మగారు తప్పు చేయగా చూసినవాళ్ళు ఈ భూమ్మీద లేరు. గుడివాడ దగ్గర బడిలో ముప్పై నాలుగేళ్ళు పాఠాలు చెప్పి, హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరై, తార్నాకలో కొడుకింటికి వచ్చి పదకొండేళ్ళయింది. ఈ పదకొండేళ్ళలో సాంబారులో పంచదార పడితే అది డబ్బా తప్పు. చర్చికని ఆటో ఎక్కి మల్కాజ్‌గిరిలో తేలితే అది ఆటోవాడి తప్పు కూడా కాదు, ఊరి తప్పు. ఈ విషయం మీద కోడలు హెప్సిబా ఫిర్యాదు చేయడం ఎప్పుడో మానేసింది. తప్పు చేయని మనిషితో ఒకే వంటింట్లో నెగ్గుకురావడం కూడా ఒక విద్యేననీ, దానికి ఏ యూనివర్సిటీ పట్టా ఇవ్వదనీ అప్పుడప్పుడు ఫ్రిజ్‌తో చెప్పుకునేది.

ఆ అత్తగారు కిందటేడు కోడలి మీద ఒక తీర్పిచ్చారు.

"ఒక్కదానివే ఆడితే ఎవరి మీద గెలుస్తావే?"

ఆ ఆట ఇంట్లోకి వచ్చింది బ్లెస్సీ వల్ల. హెప్సిబా కూతురు, క్యాంపస్‌లో ఎం.ఏ. చదువుతోంది. దాని మాటల్లో అది సోలో ఆర్పీజీ. హెప్సిబా మాటల్లో ఒంటి ఆట. ఒక చిన్న పుస్తకం ఉంటుంది, నువ్వెవరివో చెబుతుంది. లైట్‌హౌస్ కాపలాదారువో, రాజ్యం పోయిన మంత్రగత్తెవో. పాచిక వేస్తే ఏదో జరుగుతుంది. జరిగినదానికి నువ్వేం చేశావో నోటుబుక్కులో రాసుకోవాలి. ఎదురుగా మనిషి అక్కర్లేదు, గెలుపు అక్కర్లేదు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా, గిన్నెలు తోమాక, పాలు పొంగేలోపు, హెప్సిబా ఆ ఏడాదిలో రెండు సముద్రాలు దాటింది. ఒకసారి కుక్కర్ మూడో విజిల్‌కి రాజ్యం మొత్తం పోయింది. పప్పు మాత్రం సరిగ్గా ఉడికింది. ఆట లేనప్పుడు, ఏ పెద్ద కంపెనీ అండా లేకుండా ఎవరికి వాళ్ళే అచ్చేసుకున్న మాయల కథలూ వేరే గ్రహాల కథలూ ఫోన్లో వెతికి చదివేది. భర్త కరుణాకర్‌కి అభ్యంతరం లేదు. భోజనం వేళకి కథలో ఎవరూ చావకుండా ఉంటే ఆయనకి చాలు.

శాంతమ్మగారికి మాత్రం పాచికలు కంటబడ్డాయి.

"సిలువ కింద సైనికులు ఆయన బట్ట కోసం వేసినవి ఇవే కదుటే? నా ఇంట్లో ఉండటానికి వీల్లేదు."

బైబిల్లో పన్నెండో శిష్యుణ్ణి ఎంచుకున్నదీ చీట్లు వేసే కదా అత్తయ్యా అని అడగాలని హెప్సిబా నోటిదాకా వచ్చింది. అడగలేదు. దాచుకుంది. మంచి మాటని ఆవకాయలా కొన్నాళ్ళు ఊరనివ్వాలి. పాచికలు తీసి కూతురి బ్యాగులో వేసి, పాత పెళ్ళి శుభలేఖలు కత్తిరించి కార్డులు చేసుకోవడం మొదలుపెట్టింది. కార్డుల్ని ఏ సైనికుడూ వాడినట్టు దాఖలా లేదు.

ఆ కార్డుల్లోంచే సొంత ఆట పుట్టింది.

హెప్సిబా నాన్న యోహాను గూడ్సు బండి గార్డు. లాలాగూడ రైల్వే క్వార్టర్సులో ఆమె పెరిగింది. గార్డంటే బండి చివరి పెట్టెలో ఒక్కడే కూర్చునేవాడు. ముందు యాభై ఎనిమిది వ్యాగన్లు, వెనక ఎవరూ లేరు. డ్యూటీ దిగి వచ్చి అన్నం తింటూ, దారిలో ఏం చూశాడో చెప్పేవాడు. సగం నిజం, సగం ఆ పెట్టెలో పుట్టింది. చిన్నప్పుడు ఏ సగం ఏదో ఆమె ఎప్పుడూ అడగలేదు. అందుకే ఆమె ఆటలో నువ్వు గార్డువి. బండి వెళ్ళేది మ్యాపులో లేని లైను మీద. ఏడు స్టేషన్లు. ఒక్కో స్టేషన్లో ఒక కార్డు తియ్యాలి, అందులో రాసింది జరుగుతుంది, నువ్వేం చేశావో లాగ్‌బుక్కులో రాసి పచ్చజెండా ఊపాలి. ఆటకి ఒకటే నియమం: వచ్చిన కార్డు వద్దనకూడదు.

యాభై రెండు కార్డులు తయారయ్యాక పెట్టుకోవడానికి పెట్టె కావలసి వచ్చింది. చర్చిలో ఏటా కొత్త సంవత్సరానికి వాగ్దానాల పెట్టె ఇస్తారు. నీలం అట్ట పెట్టె, లోపల చిన్న చిన్న వాక్యం కార్డులు, రోజుకొకటి తీసి చదువుకోవాలి. కిందటేటి పెట్టె ఖాళీగా ఉంది. కొలత వేసినట్టు సరిపోయింది.

శనివారం క్యాంపస్‌లో, ఆర్ట్స్ కాలేజీ పక్క చెట్ల కింద, సొంతంగా పుస్తకాలు అచ్చేసుకునేవాళ్ళ సంత. విద్యార్థులే పెడుతున్నారు. అమ్మకి చెప్పకుండా బ్లెస్సీ ఒక బల్ల రాయించేసింది. హెప్సిబా నాలుగు రోజులు కూతురితో మాట్లాడలేదు, అయిదో రోజు వెళ్ళి ఆట నియమాలు ఇరవై ప్రతులు జిరాక్స్ తీయించి పిన్నులు కొట్టించింది. ఆమెకి కావలసింది ఒక్కటే. బ్లెస్సీ కాకుండా ఇంకెవరైనా ఒకరు కూర్చుని ఏడు స్టేషన్లూ దాటాలి. దాటకపోతే అత్తగారి తీర్పే ఖాయం. పెట్టె అటకెక్కుతుంది, మళ్ళీ దిగదు. ఈ ఒప్పందం ఆమె తనతో తానే చేసుకుంది.

ఆ ఉదయం ప్రార్థన అయ్యేసరికి ఆలస్యమైంది. డైనింగ్ టేబుల్ మీద ఇడ్లీ గిన్నె, చట్నీ, మిగిలిన నియమాల ప్రతి ఒకటి, లాగ్‌బుక్కు ఒకటి, నీలం పెట్టెలు రెండు. కింద ఆటోవాడు హారన్ మీద చెయ్యి తీయడం లేదు. బ్లెస్సీ సంచి నింపింది, హెప్సిబా జెండా పట్టుకుంది, ఇద్దరూ మెట్లు దిగారు.

"ఏ కోటని జయించడానికో!" అన్నారు పైనుంచి శాంతమ్మగారు.

బల్ల బాగానే కుదిరింది. ఒక పక్క దెయ్యాల కథల కుర్రాళ్ళు, ఇంకో పక్క గ్రహాంతరవాసుల ప్రేమకథలు రాసిన ఇద్దరమ్మాయిలు. నలభై ఆరేళ్ళ హెప్సిబా మధ్యలో కూర్చుని చీర సర్దుకుంది. నాన్న యూనిఫాం సర్దుకునే పద్ధతి గుర్తొచ్చి వీపు నిటారు చేసింది.

మొదట ఒకమ్మాయి వచ్చింది. ఆట ఏమిటో విని కళ్ళు పెద్దవి చేసి, పెట్టెలోంచి కార్డు తీసింది. చదివింది. హెప్సిబా మొహం చూసింది. మళ్ళీ చదివింది.

"థాంక్యూ ఆంటీ, మేం వేరే చర్చికి వెళ్తాం" అని మర్యాదగా కార్డు తిరిగి పెట్టెలో పెట్టి వెళ్ళిపోయింది.

హెప్సిబా కార్డు తీసి చూసింది. భయపడవద్దని, విడువనని, కింద అధ్యాయమూ వచనమూ. గుండె జారి చెప్పుల్లో పడింది.

"బ్లెస్సీ! నాన్నమ్మ పెట్టె తెచ్చావే!"

"నువ్వేగా అమ్మా నీలం పెట్టె పెట్టమన్నావు!"

"రెండూ నీలమే కదే తల్లీ!"

ఇంటికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. శాంతమ్మగారు పదింటికి టీతో పాటు తన వాక్యం తీసుకుంటారు, ఆ సమయంలో ఫోన్ మోగడం ఫోన్ తప్పు. ఈపాటికి ఆవిడ చేతిలో ఏ కార్డు పడిందో తలుచుకుంటే హెప్సిబాకి నీరసం వచ్చింది. యాభై రెండులో కనీసం మూడు మాట్లాడే మేకలున్నాయి.

ఈలోగా పొడుగాటి కుర్రాడొకడు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పరుశురాం అట, జియాలజీలో రీసెర్చి.

"మేడమ్, గీడ రైలు ఆట ఉన్నదన్నరు. మా తాత గ్యాంగ్‌మన్. ఒక్కడే ఆడుడు అంటే ఎట్లుంటది?"

"బాబూ, కార్డులు మారిపోయాయి. కాసేపాగి..."

"నియమం ఏం రాసిన్రు గిక్కడ? వచ్చిన కార్డు వద్దనొద్దు. మరి మీరే వద్దంటె ఎట్ల?"

తన నియమం తన మెడకే చుట్టుకుంటే ఎలా ఉంటుందో హెప్సిబాకి అప్పుడు తెలిసింది. పరుశురాం భయపడవద్దన్న కార్డుతోనే మొదటి స్టేషన్ ఆడాడు. ఎవరో భయపడొద్దన్నారంటే భయపడాల్సిందేదో ఉన్నట్టే కదా అని, పట్టాల మీద నల్లరాతి చెట్టొకటి మొలిపించాడు. చక్కగా రాశాడు. రెండో స్టేషన్ కూడా దాటాడు. మూడో కార్డు తీయబోతుండగా దోస్తులు కేకేశారు.

"మెస్సుల చికెన్ అయిపోతదంట మేడమ్. తినొస్త. పక్కా వస్త."

వస్తానన్నవాళ్ళు తిరిగి రావడం ఏ కార్డులోనూ లేదు. పన్నెండు దాటింది. ఇంకో నలుగురు బల్ల దగ్గర ఆగారు, ఒకరు జెండా బాగుందన్నారు, ఒకరు బాత్రూం ఎటు అని అడిగారు. హెప్సిబా ప్రతుల్ని సరిచేసింది. మళ్ళీ సరిచేసింది. అటక మీద పాత ఇడ్లీ పాత్ర పక్కన చోటుందని గుర్తు చేసుకుంది.

"సర్దుదామా?" అంది.

బ్లెస్సీ రోడ్డు వైపు చూస్తోంది. ఆటో ఒకటి చెట్లదాకా వచ్చేసింది. అందులోంచి ముందు చేతికర్ర, తర్వాత ఇస్త్రీ తెల్లచీర, ఆ తర్వాత మొత్తం శాంతమ్మగారు దిగారు. చంకలో నీలం పెట్టె. తిన్నగా వచ్చి, ఇందాక పరుశురాం కూర్చున్న కుర్చీలో కూర్చున్నారు.

"నా పెట్టె ఇవ్వు."

హెప్సిబా ఇచ్చింది. "అత్తయ్యా, మరేమో, పొద్దున తొందరలో..."

"టీ తాగుతూ కార్డు తీశాను. 'ప్లాట్‌ఫారం మీద, నువ్వు ఎక్కించుకోకుండా వదిలేసిన మనిషి నిలబడి ఉంది. బండి ఆపుతావా?' అనుంది. అధ్యాయం లేదు, వచనం లేదు. కొత్త అనువాదం కాబోలనుకున్నాను. కాసేపు ప్రార్థన కూడా చేశాను."

దెయ్యాల కథల కుర్రాళ్ళు తమ బల్ల వదిలి ఇటు జరిగారు.

"రెండోది తీస్తే మేక మాట్లాడుతోంది. అప్పుడు చూశాను, నీ చేతిరాత. 'ళ' ఇప్పటికీ సరిగా రాయవు." శాంతమ్మగారు సంచిలోంచి లాగ్‌బుక్కు తీసి బల్ల మీద పెట్టారు. "పక్కన నియమాల పుస్తకం ఉంది. చదివాను. ఇచ్చిన పని సగంలో వదిలే అలవాటు నాకు లేదు."

హెప్సిబా పుస్తకం తెరిచింది. ముత్యాల్లాంటి అక్షరాలు, ఎర్ర సిరా, మార్జిన్ కొట్టి మరీ.

మొదటి స్టేషన్. బండి ఆపాను. నిలబడింది లీలావతి టీచరు. ముప్పై ఏళ్ళ కిందట బదిలీ కాగితం మీద నేను సంతకం పెట్టిన మనిషి. నా పెట్టెలో చోటిచ్చాను. ఏమీ అడగలేదు. టీ తాగాం.

నాలుగో స్టేషన్. వ్యాగన్లలో బొగ్గు లేదు, పిల్లలున్నారు. నిశ్శబ్దం అన్నాను. యాభై ఎనిమిది వ్యాగన్లలో ఒక్కరూ వినలేదు. నాకు కోపం రాలేదు.

ఆరో స్టేషన్. మళ్ళీ మేకే. ఎక్కాలు నేర్పాను. పన్నెండో ఎక్కం దగ్గర తడబడుతోంది.

ఏడో స్టేషన్ కింద ఒకటే వాక్యం. పచ్చజెండా లేకపోతే పచ్చ తువ్వాలు ఊపాను, ఎదురింటి అన్నపూర్ణ చూసింది, చూడనీ.

హెప్సిబా ఆ పేజీ దగ్గరే ఆగిపోయింది. ఏడు స్టేషన్లు. ఒక్కటీ వదల్లేదు. తన నాన్న కూర్చున్న చివరి పెట్టెలో ఇంకొక మనిషి కూర్చుని, లైను చివరిదాకా వెళ్ళి, తిరిగి వచ్చింది. వీపు మళ్ళీ నిటారైంది, ఈసారి ఎవరూ గుర్తు రాకుండానే.

"ఈ ఆట మా అమ్మ తయారుచేసింది" అని పక్కబల్ల అమ్మాయిలకి చెబుతోంది బ్లెస్సీ, ఎవరూ అడక్కపోయినా.

పరుశురాం చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "నా సీట్ల ఎవరో కూసున్నరు మేడమ్. మూడో స్టేషన్ ఆడాలె నేను."

"ఆగవయ్యా" అన్నారు శాంతమ్మగారు. చేతికర్ర మీద రెండు చేతులూ పెట్టి కోడలి వైపు తిరిగారు. "ఎవరి మీద గెలుస్తావే అన్నాను కదూ?"

"అన్నారు."

శాంతమ్మగారు గొంతు సవరించుకున్నారు. ఏదో అన్నారు. చీరకొంగుకి మాత్రమే వినపడేంత మెల్లగా.

హెప్సిబాకి స్పష్టంగా వినిపించింది. కానీ పదకొండేళ్ళు పదకొండేళ్ళే.

"ఏమన్నారత్తయ్యా? ఇక్కడ గోల, వినపడలేదు."

శాంతమ్మగారు కోడలి మొహంలోకి చూశారు. ముప్పై నాలుగేళ్ళు వెనక బెంచీల్ని కాసిన కళ్ళు. దొంగ ఎవరో తెలిసిపోయింది. పెదవి ఒక పక్కకి కొంచెం వంగింది. అసెంబ్లీలో ప్రార్థనకి నిలబడ్డట్టు లేచి నిలబడి, చివరి వరసకి కూడా వినపడే గొంతుతో అన్నారు:

"తప్పు నాదే అన్నాను."