కిరోసిన్ కార్డుల్లో ఆడవాళ్లు

"ఎనభై ఏళ్ల నాటి కాగితాలు దులపడానికి ఎం.ఏ. ఎందుకే?" అని హాల్లోంచి నిరంజన్ నవ్వాడు. వెంటనే రెండో కాఫీ అడిగాడు. రెండేళ్లుగా ప్రతి ఆదివారం ఇదే జోకు, ఇదే కాఫీ. భర్తకు కాఫీ ఇచ్చొచ్చి సుమన మళ్లీ కాకరకాయలు తరగడంలో పడింది. తల నిండా నిన్న చదివిన రిజిస్టరే ఉంది.

ఏలూరులో ఆమె పనిచేసే కాలేజీ లైబ్రరీకి ఎవరో తాతగారి పెట్టెలు ఇచ్చేశారు. రెండో ప్రపంచ యుద్ధం నాటి అర్జీలు, కంట్రోలు బట్ట చీటీలు, కిరోసిన్ కార్డుల రిజిస్టరు. అన్నీ దులిపి, చదివి, వరసకు పెట్టింది సుమన ఒక్కతే. రేపే ఎగ్జిబిషన్. బోర్డు మీద 'పరిశోధన' అన్నచోట మాత్రం లైబ్రేరియన్ ఉమామహేశ్వరరావు గారి పేరు ఉంటుందట. "ఇంట్లో మీకు బోలెడు బాధ్యతలు కదమ్మా, ఈ పేర్ల తలనొప్పి మీకెందుకు" అన్నారాయన ఎంతో దయగా. బోర్డులు రాసే ఎలీయాజరుకు ఆ పేరు చెప్పే పని కూడా ఆమెకే అప్పగించారు.

రిజిస్టరులో ఒక చిక్కుంది. గుండుగొలను ఊరి పేజీల్లో ఇంటి యజమాని గడి నిండా వీరరాఘవమ్మలూ రత్నమ్మలే. మగవాళ్ల పేర్లే లేవు. ఎందుకో తెలియక అత్తగారిని అడిగింది.

బియ్యంలో రాళ్లు ఏరుతున్న రత్నమాణిక్యం గారు పడీపడీ నవ్వారు. "మగాళ్లు మిలిటరీ పనులకి పోయుంటారమ్మా. కార్డుకి ఆడాళ్లే వెళ్లుంటారు. మొగుడి పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని మా మామ్మ చచ్చినా పలికేది కాదు. గుమాస్తా ఎంతసేపని అడుగుతాడు? విసుగొచ్చి వాళ్ల పేర్లే రాసుకునుంటాడు."

ఓ రాయి ఏరి పక్కన పడేసి, "నాకా గుమాస్తా తగల్లేదు," అన్నారావిడ.

సుమన కత్తిపీట పక్కకి జరిపింది. ఊరి ఆడవాళ్లంతా భక్తిగా నోరు మూసుకుని దర్జాగా సర్కారు పుస్తకంలోకి ఎక్కేశారన్నమాట.

ఫోన్ మోగింది. ఎలీయాజరు. "ఇప్పుడే చర్చి నుంచి వచ్చానండి. పరిశోధన కింద ఎవరి పేరండీ? మీరు చెబుతారన్నారు సారు."

సుమన అత్తగారి వైపు చూసింది. చేటలో ఆవిడ చెయ్యి ఆగింది.

"పెద్దవాళ్ల పేరు నోటితో పలకకూడదు కదండీ," అంది సుమన ఎంతో వినయంగా. "నా పేరు రాసేయండి."