ఒస్మోన్ సంవత్సరీకంలో తుంటి మాంసం

పొద్దున్నే గొర్రెలను కొండవైపు తోలి వచ్చిన దగ్గర్నుంచి ఇశెన్ కాలు ఒక్కచోట నిలవలేదు. తండ్రి ఒస్మోన్ పోయి ఏడాదైంది. సంవత్సరీకానికి, తమవాళ్ళ ఆనవాయితీ ప్రకారం, అన్న జపర్ బలిసిన ఆడగుర్రాన్ని కోయించాడు. పెరట్లో మూడు పెద్ద కాగుల్లో మాంసం ఉడుకుతోంది. ఇశెన్ కాసేపు కట్టెలు ఎగదోశాడు, కాసేపు చుట్టాల గుర్రాలను కట్టేశాడు, కట్టేసినవాటినే మళ్ళీ విప్పి కట్టాడు.

మాంసం తినడంలో అతనికి అట్-బాషీ లోయంతటా పేరుంది. గొర్రె తల చేతికిస్తే, ఎముక అద్దంలా మెరిసేదాకా వదిలేవాడు కాదు. నాలుగేళ్ళ కిందట ఈసాను ప్రభువుగా నమ్మి బాప్తిస్మం తీసుకున్నాక కూడా ఆ ఇష్టం తగ్గలేదు. తగ్గించుకోమని ఎవరూ చెప్పనూ లేదు. దేవుడికి వందనాలు చెప్పి తింటే ఏ మాంసమూ చెడ్డది కాదని ప్రార్థన కూడికలో చదివిన రోజున, అది తనలాంటి తిండిపోతు కోసమే రాసి ఉంటారని ఇశెన్ పకపకా నవ్వాడు.

ఆ కూడికలో ఉన్నది ఎనిమిది మంది. అందులో కులుయ్పా అవ్వ సంగతి వేరు. ఆవిడ ముప్పై ఏళ్ళు సోదె చెప్పింది, పితరుల ఆత్మల పేరున గొర్రెలు కోయించి రోగాలు నయం చేస్తానని తిరిగింది. ప్రభువును నమ్ముకున్నాక, చనిపోయినవాళ్ళ పేరున కోసిన మాంసం ముట్టడం మానేసింది. "మీరు తినండి నాయనా, తప్పు లేదు. నాకు మాత్రం ఆ ముద్ద గొంతు దిగితే, పాతవాళ్ళు వెనక్కి రమ్మని పిలిచినట్టుంటుంది" అనేది.

అవ్వది జపర్ పక్కిల్లే. పిలుపు ఆవిడకీ వెళ్ళింది. ఇశెన్ బెంగంతా అదే. తను తింటే, తనను చూసి ఆవిడ కూడా తిని మనసు పాడుచేసుకుంటుందేమో! తినకపోతే, కన్నతండ్రి పేరున కోసింది కాదన్నాడని అన్న నొచ్చుకుంటాడు.

మధ్యాహ్నానికి ఆగలేక, ఆడవాళ్ళతో కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్న అవ్వను పక్కకు పిలిచాడు.

"అవ్వా, నేనివాళ మాంసం ముట్టను. నువ్వు చూస్తుండగా ఎలా తినేది?"

అవ్వ మంటెక్కిన కళ్ళు తుడుచుకుంది. "నన్ను అడ్డం పెట్టుకోకు. నువ్వు తిన్నంత మాత్రాన నేనూ తింటానా? నా నోరు నా దగ్గరే ఉంది. పోయిన రంజాన్ పండక్కి ఇదే ఇంట్లో ఏం చేశావ్?"

"ఏం చేశాను?"

"మీ అన్న పక్కన తలొంచుకుని దొంగలా మింగావు. ఇంట్లో ఎండు రొట్టెకి కూడా వందనాలు చెప్పే మనిషివి. ఇక్కడ కొవ్వు పట్టిన మాంసం పెడితే నోరు పెగల్లేదు. అప్పుడేసింది నాకు భయం. మాంసాన్ని చూసి కాదు."

అవ్వ మళ్ళీ వెళ్ళి ఉల్లిపాయల ముందు కూర్చుంది.

పెరట్లో వేసిన ఉన్ని గుడారంలో అందరూ వరసగా కూర్చున్నారు. ముల్లా ఖురాన్ చదవడం అయింది. ప్రార్థన ముగిసిన గుర్తుగా అందరూ అరచేతులతో మొహాలు తడుముకున్నారు. జపర్ వయసునుబట్టి, వరసనుబట్టి ముక్కలు పంచి, తమ్ముడి ముందు తుంటి ఎముక పెట్టాడు. ఇంటి కొడుక్కి అంతకన్నా పెద్ద మర్యాద లేదు. ఇశెన్ చెయ్యి పెట్టలేదు. గుర్రాలకి నీళ్ళు పెట్టారో లేదో చూసొస్తానని లేచాడు. వచ్చి కూర్చున్నాడు. మళ్ళీ లేవబోయాడు.

"ఏరా, మాంసం మానెయ్యమన్నాడా మీ ఈసా?" అన్నాడు కెరిమ్ బాబాయి, ఒస్మోన్ తమ్ముడు. "అయితే ఆ ఎముక ఇటు పారెయ్, దానికింకా పంటి బలం ఉన్నవాళ్ళం ఉన్నాం."

అందరూ నవ్వారు. జపర్ నవ్వలేదు.

"కూర్చోరా. నాన్న పేరున కోసింది నీకు మైలా?"

"కాదన్నా. పొద్దున్నించీ ఈ వాసనకి నోరూరి చస్తున్నా."

"మరేంటి నీ బాధ?"

"ముల్లాగారు చదివిందాన్ని నేనేం అనను. నా ముద్దకి నేను వందనాలు చెప్పుకోవాలి, పైకి. ఇన్నాళ్ళూ మీకు భయపడి చెప్పుకోలేదు."

నవ్వులు ఆగిపోయాయి. ఇశెన్ కళ్ళు మూసుకుంటే ధైర్యం పోతుందేమోనని తెరిచే ఉంచి అన్నాడు: "దేవా, ఈ గుర్రాన్ని చేసింది నువ్వు. మా నాన్నని నాకిచ్చింది నువ్వు. ఈ మాంసానికి, వండిన చేతులకి, మా అన్నకి, నీకు వందనాలు. ఈసా పేరిట, ఆమెన్."

కెరిమ్ బాబాయి లేచి నిలబడ్డాడు. "ఒస్మోన్‌కి ఇద్దరు కొడుకులనుకున్నాను" అని, టీ కూడా తాగకుండా బయటికి నడిచాడు. ముల్లా తల ఎత్తకుండా రసం గిన్నె ఊదుకుంటున్నాడు.

ఇశెన్ కత్తి తీశాడు గాని అది ఎముక మీద జారి ముక్క తెగలేదు. జపర్ కత్తి లాక్కుని, తుంటి మాంసం పెద్ద పెద్ద ముక్కలుగా కోసి తమ్ముడి ముందు పడేశాడు.

"తిను. చల్లారిపోతోంది. బాబాయితో ఇక నేను పడాలి, నీకేం!"

ఇశెన్ తిన్నాడు. మొదటి ముక్కకి రుచే తెలియలేదు. రెండోదానికి ఉప్పు తెలిసింది, పొగ వాసన తెలిసింది. నాలుగోదానికి వేళ్ళు నాకాడు. అటుపక్క ఆడవాళ్ళ వరసలో కులుయ్పా అవ్వ రొట్టె టీలో ముంచుకుని తింటోంది. ఎవరో ముక్క అందిస్తే గుండె మీద చెయ్యి పెట్టి వద్దంది.

చుట్టాలంతా వెళ్ళిపోయినా ఇశెన్‌కు కదల బుద్ధి పుట్టలేదు. తండ్రి రోజున అన్నకు తలవంపులు తెచ్చానా అన్న దిగులు వదల్లేదు. అన్నతోపాటు కాగులు తోమడానికి కూర్చున్నాడు.

"ఇకమీదట చెప్పుకో. కానీ కాస్త మెల్లగా చెప్పుకో" అన్నాడు జపర్, బూడిద చేతులతో.

ఇశెన్ ఇంకో పిడికెడు బూడిద తీసుకుని కాగు తోమాడు. కెరిమ్ బాబాయి ఆ చలికాలమంతా అతనితో మాట్లాడలేదు. జపర్ మాత్రం మంచు పడ్డాక ఒక గొర్రెను కోసి, తమ్ముణ్ణీ అతని భార్యనూ భోజనానికి పిలిచాడు. వాళ్ళు ముద్ద ముట్టేముందు తనంతట తానే పళ్ళెం పక్కకు జరిపి, తమ్ముడు వందనాలు చెప్పుకునేదాకా ఆగాడు.